గురి కన్న లెక్క ముఖ్యము

తుపాకి పోటీలో గుండు గురికి తగిలిన చాలునని మనము తలంతుము. కాని తగిలిన గుండు వేరు, లెక్కకు వచ్చిన గుండు వేరు. ఈ రెంటి నడుమ న్యాయము నిలుచుటకు నియమము కావలెను.

2004వ సంవత్సరమున ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో, 50 మీటర్ల మూడు భంగిమల రైఫిలు పోటీ తుది ఘట్టమున, అమెరికా దేశీయుడు మాథ్యూ ఎమ్మన్స్ అందరికన్న ముందుండెను. ఒక్క గుండు మిగిలినది. ఒక మోస్తరు గురి కుదిరినను స్వర్ణము ఆతనిదే. కాల్చెను, తన లక్ష్యమునకు అంకె రాలేదు. గుండు పక్క వరుసలోని ఆస్ట్రియా క్రీడాకారుని లక్ష్యమును తాకినది! న్యాయనిర్ణేతలు విచారించి సున్న వేసిరి. ప్రథమ స్థానము నుండి ఆతడు ఎనిమిదవ స్థానమునకు జారెను. చైనా క్రీడాకారుడు జియా జాన్బో విజేత అయ్యెను.

ఇది కఠినమని కొందరందురు. నేనట్లు తలపను. ఒకనిపై జాలితో అంకె కలిపినచో మరొకని శ్రమను దోచినట్లే గదా!

2008లో బీజింగు 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 600కు 595 సాధించెను. అయినను సమానాంకములు వచ్చిన వారి నడుమ జరుపు పోలికలో వెనుకబడి, ఎనిమిది మందికే చోటున్న తుది పోటీకి దూరమయ్యెను. అదే పోటీలో 596తో ముందుకు సాగిన అభినవ్ బింద్రా స్వర్ణము గెలిచెను. నారంగ్ నియమమును నిందించుచు కూర్చుండలేదు. 2012లో లండనున కాంస్యము సాధించెను.

అధికారిక గుర్తింపు సంగతియు ఇట్టిదే. స్వదేశపు ఎంపిక పోటీలో ప్రపంచ రికార్డును మించిన అంకె వచ్చినను, అంతర్జాతీయ సమాఖ్య గుర్తించిన పోటీ కానిచో అది ప్రపంచ రికార్డుగా చెల్లదు. తుపాకి తనిఖీయు, లక్ష్యముల పరీక్షయు, సాక్షుల సంతకమును లేని అంకెను లోకము నమ్మవలసిన పని లేదు.

అయితే నియమమునకు దయయు కలదు. అంకెలు ప్రకటించిన పిమ్మట అభ్యంతరము తెలుపుటకు 10 నిమిషముల గడువునిత్తురు. ఆ గడువు ముగియకయే ఫలితము ఖాయము కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపమిదే. మన క్రీడోత్సవములందును అంకెలను ఆనాడే నోటీసు బోర్డుపై ఉంచి, అభ్యంతరములకు గడువునిచ్చి, ఆపైననే బహుమతులు ప్రకటింపుడు. లెక్క వ్రాయువాని చేతిలోని అంకె ఆతని సొత్తు కాదు. అది ఆటగాని అమానత్. దానిని భద్రముగా అప్పగించుటయే ఇన్సాఫ్.