పాటల పుస్తకంలో లేని బాణీ

కీర్తనల గ్రంథంలో 57, 58, 59 కీర్తనల పైన చిన్న అక్షరాలతో ఒక రాగం పేరు ఉంటుంది. అది ‘అల్‌తష్హేతు’. 75వ కీర్తన పైన కూడా అదే పేరు. మొదటి మూడూ దావీదువి, నాలుగోది ఆసాపుది. అంటే ఆనాటి జనానికి బాగా తెలిసిన బాణీ ఒకటి ఉండేదనీ, ఇద్దరు కవులు దానికే తమ మాటలు కూర్చారనీ బైబిలు పండితులు చాలామంది తలుస్తారు. మనం వాక్యం చదివేటప్పుడు ఈ పై మాటను దాటేసి తిన్నగా మొదటి వచనానికి వెళ్లిపోతాం. నచ్చిన బాణీని తీసుకుని దేవుని స్తుతికి అమర్చుకోవడం నేటి కుర్రకారు సరదా మాత్రమే కాదని ఆ చిన్న అక్షరాలే సాక్ష్యమిస్తున్నాయి.

ఈ సంగతి ఎందుకు ఎత్తవలసి వచ్చిందంటే, చిల్లకూరు, గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి యువకులు చాలామంది ఉన్నారు. పగలంతా నిమ్మకాయల మార్కెట్లోనో, రొయ్యల గుంటల దగ్గరో కష్టపడి, రాత్రి కీబోర్డు ముందు కూర్చుంటారు. తమకిష్టమైన పాత కీర్తనకు కొత్త నడక కడతారు, చరణానికీ చరణానికీ మధ్య చిన్న వాద్యం ముక్క చేరుస్తారు, ఒక్కోసారి సొంత పాట రాస్తారు. ఎవరూ డబ్బివ్వరు. ఆదివారం మందిరంలో వినిపిస్తే మాత్రం కొందరు పెద్దలు మొహం చిట్లిస్తారు. వాద్యాలు కల్పించుకునేవారిని ఆమోసు ప్రవక్త గద్దించాడు కదా (ఆమోసు 6:5) అని వాక్యమే చూపిస్తారు. ఆ తర్వాతి వచనం కూడా చదవాలి. జనుల నాశనానికి దుఃఖపడకుండా పాటల్లో తేలిపోవడమే అక్కడి నేరం. దావీదు తాను చేయించిన వాద్యాలతో స్తుతించడానికి నాలుగు వేలమందిని నియమించాడు (1 దినవృత్తాంతములు 23:5). అది దోషమైతే దేవాలయంలోనే దోషం ఉండేది.

మన నెల్లూరు సంఘ చరిత్రలోనూ ఇలాంటి అభిరుచి గల మనిషి ఒకడున్నాడు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని 1840లో శామ్యూల్ డే చేతుల మీదుగా మొదలైంది. ఫలం కనబడక, 1853లో ఆల్బనీ సభలో దీన్ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. ఆ రాత్రి ‘ఒంటరి నక్షత్రం’ అని నెల్లూరును గురించి పద్యం రాసి సభ మనసు కదిలించినవాడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. ఆయన వృత్తి బోధకత్వం. 1831లో దైవశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు జర్మన్ పాటల పుస్తకాలు తిరగేస్తూ, నచ్చిన ఒక బాణీకి మాటలు కట్టాడు. అది అమెరికా దేశభక్తి గీతమైంది. ఆ బాణీ ఇంగ్లండు రాజగీతానిదని ఆయనకు అప్పుడు తెలియనే తెలియదు!

ఇక మన తెలుగు కీర్తనల సంగతి. పురుషోత్తమ చౌధరి (1803–1890) ఒరియా సీమలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తెలుగులో మనం నేటికీ పాడుకునే కీర్తనలు రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. స్వరాలు ఉండవు. ఆ రాగం పేరు చూసి పాడగలవారు ఒక సంఘంలో ఎందరుంటారు? బాణీ ఉన్నది పుస్తకంలో కాదు, మందిరంలో వెనక వరుసలో కూర్చునే ముసలమ్మల గొంతులో. పక్క ఊరికి వెళ్తే అదే పాటకు వేరే వంపు ఉంటుంది. ఆ అవ్వ ప్రభువు నిద్రలోకి వెళ్లిన రోజున ఆ వంపు కూడా వెళ్లిపోతుంది. అల్‌తష్హేతుకు జరిగింది సరిగ్గా ఇదే. పేరు నిలిచింది, ఎలా పాడేవారో చెప్పగలవాడు భూమ్మీద ఒక్కడూ లేడు.

కాబట్టి మేము యువకులను ఆపమనడం లేదు, ఒక పని ముందు చేయమంటున్నాం. పాతపాటకు కొత్త హంగులు కట్టకముందు, ఆ పాట బాగా తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని అన్ని చరణాలూ పాడించుకోండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. స్వరాలు రాయడం వస్తే రాసిపెట్టండి. కీబోర్డంటే గిట్టని పెద్దలకు కూడా ఒక మాట. మనం మనదే అనుకునే హార్మోనియం 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన పెట్టె. దాన్ని మన తాతలు కాదనలేదు.

సినిమా బాణీల విషయంలో మాత్రం మేము పెద్దల పక్షమే. 1601లో హాన్స్ లియో హాస్లర్ ప్రేమగీతానికి కట్టిన బాణీయే తర్వాత సిలువ శ్రమల గీతానికి చేరింది, బాఖ్ కూడా దాన్ని వాడుకున్నాడు, నిజమే. ఇప్పుడు ఆ ప్రేమగీతం ఎవరికీ గుర్తుకు రాదు. పోయిన నెల విడుదలైన సినిమా పాట అలా కాదు. పల్లవి ఎత్తుకోగానే పిల్లల కళ్ల ముందు హీరో గంతులే కనిపిస్తాయి.

ఇంకో కొలత కూడా ఉంది. అమరిక ఎంత బాగున్నా సంఘం నోరు మూసుకుని వినవలసి వస్తే అది కచేరీ. శ్రుతి ఒక మెట్టు దించితే స్త్రీలూ పురుషులూ కలిసి పాడగలరు. చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియనంత పొడుగు వాద్యం మధ్యలో అక్కర్లేదు. స్పీకరు మోత కొంచెం తగ్గిస్తే పక్కవాడి గొంతు వినబడుతుంది.

మొదలుపెట్టడానికి శ్రమల దినాల పాటలు అనుకూలం. నలభై రోజులూ పాడే పాటలు గనుక ఒక్కో అవ్వ దగ్గర రెండు మూడైనా తప్పక దొరుకుతాయి. కాపరులు వారం మధ్య కూడిక అయ్యాక ఒక అరగంట మందిరం తాళం వేయకుండా ఉంచితే చాలు.