వీసా వస్తే స్తోత్రం, పిలుపు వస్తే శోకమా?

డిగ్రీ ముగించిన కొడుక్కి అమెరికా వీసా వస్తే మన ఇళ్లలో కృతజ్ఞతా కూడిక పెడతాం. పాస్టర్‌గారితో ప్రార్థన చేయించి, సంఘానికంతటికీ భోజనాలు పెడతాం. అదే కొడుకు, ‘దేవుడు నన్ను పరదేశంలో సువార్త సేవకు పిలుస్తున్నాడు’ అంటే మాత్రం ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ‘ముందు ఉద్యోగం చూసుకో, సేవ సంగతి తర్వాత’ అని బంధువులు బుద్ధి చెబుతారు. బిడ్డ దూరమవుతాడన్న బాధ రెండింటిలోనూ ఉంది. మరి ఒకదానికి స్తోత్రం, మరోదానికి శోకం ఎందుకు? తేడా జీతంలోనే ఉందని ఒప్పుకోవడానికి మన విశ్వాసం సిగ్గుపడుతుంది.

అదోనీరాం జడ్సన్ 1807లో బ్రౌన్ కళాశాలలో పట్టా పొంది, 1810లో ఆండోవర్ సెమినరీలో వేదాంత విద్య ముగించాడు. ఆన్ హాసెల్టైన్‌ను పెళ్లాడదలచి ఆమె తండ్రికి రాసిన ఉత్తరంలో అతడు ఏదీ దాచలేదు. సముద్రయానంలో ప్రమాదాలు, పరదేశంలో లేమి, అవమానం, చివరకు మరణం కూడా ఎదురుకావచ్చనీ, కూతుర్ని ఈ లోకంలో మళ్లీ చూడలేకపోవచ్చనీ చెప్పి, ఆమెను పంపగలరా అని అడిగాడు. ఆ దంపతులు 1812లో ఓడ ఎక్కి, 1813లో రంగూన్ చేరారు. మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం పొందింది 1819లో! ఆన్ 1826లో బర్మాలోనే ప్రభువు నందు నిద్రించింది. జడ్సన్ బర్మా భాషలో బైబిలు అనువాదం ముగించేసరికి 1834 వచ్చింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పింది (లూకా 14:28) ఇందుకే.

సేవకు బయలుదేరాలనుకునే యౌవనస్థులారా, మీ సిద్ధపాటు సూట్‌కేసుతో మొదలుకాదు. బర్నబా, సౌలు అంతియొకయ సంఘంలో ఏడాది పాటు బోధించిన తర్వాతే (అపొ. 11:26) ఆ సంఘం ఉపవాసముండి, ప్రార్థించి వారిని పంపింది (అపొ. 13:3). ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పక్కవాడలోని పేదవాడి గుమ్మం తొక్కనివాడు సముద్రం దాటినంత మాత్రాన సేవకుడు కాలేడు. అక్కడి భాషను చిన్నపిల్లవాడిలా మొదటి అక్షరం నుంచి నేర్చుకునే తగ్గింపు కావాలి. ఆ దేశపు చట్టాలను గౌరవించాలి. ఒక పని పేరుతో వీసా తీసుకుని మరో పనికి వెళితే, సత్యాన్ని ప్రకటించే పని అబద్ధంతో మొదలైనట్టే. ‘దేవునికి అర్పితం’ అన్న సాకుతో తల్లిదండ్రుల్ని వదిలేసేవారిని ప్రభువు గద్దించాడని (మార్కు 7:11-13) కూడా మరువవద్దు.

ఇక్కడే సంఘం మేలుకోవాలి. వెళ్లేవాడికి దండ వేసి, ఫొటో దిగి, కానుక కవరు చేతిలో పెడితే పంపినట్టు కాదు. అతని తల్లికి మందులు ఎవరు తెస్తారు? అర్ధరాత్రి తండ్రికి ఆయాసం వస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? సిలువ మీద వేలాడుతూ కూడా యేసుప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు, ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). బిడ్డను సేవకు పంపిన ఇంటికి సంఘమే బిడ్డ కావాలి. ఆ బాధ్యత తీసుకోని సంఘానికి, ‘మీ బిడ్డను దేవునికివ్వండి’ అని ఏ తల్లినీ అడిగే హక్కు లేదు.

ఇది మనకు చేతకాని పనేమీ కాదు. శామ్యూల్ డే తన దేశం విడిచి 1836లో తెలుగువారి మధ్యకు వచ్చాడు. ఆ సేవలో పుట్టిన తెలుగు బాప్టిస్టు సంఘాలే 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. ఒప్పందపు కూలీలుగా అక్కడికి వెళ్లిన తెలుగువారి మధ్య ఆయన సంఘాలు కట్టారు. నాటి మన సంఘాలకు నేటి భవనాలు లేవు, బ్యాంకు ఖాతాలు లేవు. పంపే మనసు ఉంది.

రేపు మీ ఇంట్లో ఒక బిడ్డ ఆ మాట అంటే వెంటనే కాదనకండి. కలిసి ప్రార్థించండి, లెక్క చూడండి, ప్రశ్నలు అడగండి. పిలుపు నిజమైతే, వీసా వచ్చిన రోజున పెట్టే కూడికే ఆ రోజూ పెట్టండి. కన్నీళ్లు రానివ్వండి, అవి తప్పు కాదు. హన్నా కూడా తల్లే, అయినా సమూయేలును మందిరంలో విడిచి వచ్చింది. అట్టి మనసు ప్రభువు మనకూ దయచేయును గాక!