పొట్టేలు ఎవరు? మేకపోతు ఎవరు?

పశ్చిమాసియాలో యుద్ధవార్త వచ్చిన ప్రతిసారీ దానియేలు 8వ అధ్యాయం మన ఫోన్లలో తిరుగుతుంది. పొట్టేలు ఇరానట, మేకపోతు అమెరికా అట! కానీ భావం చెప్పే పని గబ్రియేలు మనకు వదిలిపెట్టలేదు. పొట్టేలు కొమ్ములు మాదీయుల, పారసీకుల రాజులనీ, మేకపోతు గ్రేకుల రాజనీ 20, 21 వచనాల్లోనే ఉంది. ఆ పెద్ద కొమ్ము అలెగ్జాండర్. క్రీ.పూ. 323లో బబులోనులో మరణించాడు. రాజ్యాన్ని సేనానులు పంచుకున్నారు. ఎంతటి కొమ్మైనా విరుగుతుందన్నదే నేటికీ మనకు పాఠం.

ఆ దర్శనం చూసి దానియేలు సంబరపడలేదు. సొమ్మసిల్లి కొన్నాళ్లు మంచం పట్టాడు. తర్వాత లేచి తన ఉద్యోగం చేసుకున్నాడు. మనమో, బాంబులు పడుతుంటే లెక్కలు కట్టుకుంటున్నాం. ప్రియులారా, గల్ఫ్‌లో మన సంఘ బిడ్డలున్నారు, ఇరాన్‌లోనూ విశ్వాసులున్నారు. ముందు వారి కోసం మోకరిద్దాం.