బాసీ ఎవరి వాటా?

రాత్రి మిగిలిన సాలన్‌ని ఏం చేయాలన్నది మన ఇళ్లలో ఎప్పుడూ పెద్ద సవాల్ కాదు. మన అమ్మీలకు, నానీలకు ఆ హునర్ బాగానే తెలుసు. అసలు సవాల్ వేరే ఉంది. దాన్ని ఎవరు తింటారు? పొద్దున నాష్తాకు మగవాళ్ల ముందు తాజా రొట్టె, వేడి వేడి ఖాగీనా వస్తాయి. నిన్నటి రొట్టె, నిన్నటి దాల్ మాత్రం బావర్చిఖానాలో ఓ మూల నిలబడి తినే మనిషి ప్లేట్‌లోకి వెళ్తాయి. ఆ మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. దాన్ని మనం సాదగీ అంటాం, సలీఖా అంటాం. "మా అమ్మీ ఒక్క మెతుకు కూడా జాయా చేయదు" అని ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఇంట్లో ఒక్కరే బాసీ తింటూ మిగిలిన వాళ్లంతా తాజా తింటుంటే దాన్ని సాదగీ అని ఎలా అంటాం? అది వాటాల్లో నాఇన్సాఫీ. బాసీ కూడా దస్తర్‌ఖాన్ మీదికి రావాలి, అందరి ముందుకూ రావాలి. ఇదే నేను చెప్పదలచుకున్నది.

ముందు మాట సంగతి చూద్దాం. ఉర్దూలో బాసీ అన్న మాటకు ఇజ్జత్ తక్కువ. పాతబడిన వార్త బాసీ ఖబర్, వాడిన పువ్వు బాసీ ఫూల్. తెలుగులో చద్దికి ఆ గతి పట్టలేదు. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. పోతన భాగవతంలో కృష్ణుడు గొల్లపిల్లలతో కలిసి చల్దులు కుడిచే ఘట్టం తెలుగు చదువుకున్న వాళ్లందరికీ గుర్తుంటుంది. స్కూల్‌లో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదివిన నాకు ఈ రెండు మాటల మధ్య ఫరఖ్ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకే అన్నం. ఒక జబాన్‌లో చిన్నతనం, ఇంకో జబాన్‌లో పెద్దల మాటతో సమానం.

మన దీన్ అయితే మిగిలిన తిండిని ఎక్కడా చిన్నచూపు చూడలేదు. సూరా అల్ అరాఫ్ 31వ ఆయత్ తినడం, తాగడం గురించి చెబుతూనే ఇస్రాఫ్‌ని మనా చేసింది. కింద పడిన ముద్దను తీసి, అంటిన మట్టిని దులిపి తినమని, తిండిలో ఏ భాగంలో బర్కత్ ఉందో మనకు తెలియదని సహీహ్ ముస్లింలో హదీస్ ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఓసారి ఇంట్లో నంజుకోవడానికి ఏముందని అడిగితే సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన దాన్నే తెప్పించుకుని, మెచ్చుకుంటూ తిన్నారు. తిండికి వంక పెట్టడం ఆయన ఆదత్ కాదు. నచ్చితే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. ఇంట్లో ఆయన ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల ఖిద్మత్‌లో ఉండేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన మాట బుఖారీలో ఉంది. "నిన్నటి కూరేనా?" అని ముఖం చిట్లించే భాయ్‌లు గడ్డం, పైజామా సున్నత్‌లతో పాటు ఈ సున్నత్‌లను కూడా లెక్కలోకి తీసుకుంటే బాగుంటుంది.

ఇక మన బావర్చిఖానా హునర్ సంగతి. దీన్ని రాసి పెట్టినవాళ్లు తక్కువ. అందుకే నాలుగు మాటలు.

బాసీ రొట్టె ఉంటే మలీదా. రొట్టెలను చేత్తో సన్నగా నలిపి, చెంచా నెయ్యిలో వేడి చేసి, బెల్లం తురుము, యాలకుల పొడి కలిపితే అయిపోయింది. పీర్ల పండగకూ ఇదే చేస్తారు, బతుకమ్మకూ మలీద ముద్దలే పెడతారు. పేరు కూడా మారలేదు. అదే రొట్టెను ముక్కలు చేసి షోర్బాలో నానబెడితే అరబ్బుల సరీద్‌కు చుట్టమే. నిన్నటి సాలన్‌లో రెండు గ్లాసుల నీళ్లు పోసి మరిగించి, ఉప్పు సరిచూసి, రొట్టె ముక్కలు వేసి, పైన కొత్తిమీర, నిమ్మకాయ. పళ్లు లేని దాదా నుంచి పళ్లు రాని పిల్ల వరకూ తినగలిగే ఖానా ఇది. పిల్లకు పెట్టేది కారం తక్కువగా ఉండాలి, అంతే.

అన్నం మిగిలితే బఘార్. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పుదీనా, కాస్త అల్లం వెల్లుల్లి, చిటికెడు పసుపు. అన్నం వేసి కలిపి, దించాక నిమ్మరసం. ఇంకా ముద్దగా ఉంటే శనగపిండి, ఉల్లిపాయ కలిపి పకోడీ. ఇఫ్తార్‌లో ఇది అన్నంతో చేసిందని చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. గట్టిపడిన దాల్‌ను నీళ్లకు బదులు గోధుమపిండిలో వేసి పిసికితే దాల్ పరాఠా. గుప్పెడు ఖీమా మిగిలితే ఉడికించిన ఆలూతో కలిపి టిక్కీ, లేదా రెండు గుడ్లు కొట్టి ఆమ్లెట్. బ్రెడ్ చివరి ముక్కలు నీళ్లలో తడిపి పిండి కట్లెట్‌లో కలుపుకోవచ్చు. పది ముక్కలు జమ అయితే డబుల్ కా మీఠా ఉండనే ఉంది. బిర్యానీని మళ్లీ వేడి చేసేటప్పుడు గరిటెతో తిప్పకుండా, కొంచెం నీళ్లు చిలకరించి, మూతపెట్టి, తవా మీద సన్నని మంటపై ఉంచితే మెతుకు విరగదు.

ఇదంతా కష్టమైన పని కాదు. చాలావరకు ఇరవై నిమిషాల పని. మరి మగవాళ్లు ఎందుకు చేయరు? చేతకాక కాదు. దుబాయ్‌లో, రియాద్‌లో, జెద్దాలో బ్యాచిలర్ రూముల్లో ఉండే మన వాళ్లను అడగండి. ఆరుగురు కలిసి వంతులవారీగా వండుకుంటారు. శుక్రవారం చేసిన సాలన్‌ను శనివారం ఖుబ్జ్‌తో తింటారు. డ్యూటీ నుంచి వచ్చి బాసీ అన్నంలో గుడ్డు వేసి వేయించుకుంటారు. ఎవరికీ ఇజ్జత్ పోదు. అదే భాయ్ ఛుట్టీ మీద కడప వచ్చినా, కరీంనగర్ వచ్చినా మూడు పూటలా తాజా కావాలి. రూములో ఉన్న హునర్ ఇంటి గడప దగ్గర ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ప్యాకెట్ల సంగతి. బజార్ అల్లం వెల్లుల్లి పేస్ట్ వాడితే కోడలు కామ్‌చోర్. ఫ్రోజెన్ పరాఠా తెస్తే ఇంటి బర్కత్ పోయినట్టే. కర్రీ పాయింట్ నుంచి పప్పు తెచ్చి ఇంట్లో అన్నం ఒక్కటే వండితే చుట్టాలకు చెప్పుకోవడానికి షర్మ్. ఈ తానాలు వినని ఉద్యోగం చేసే ఆడపిల్ల మనలో ఉందా? కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈద్ రోజు షీర్ ఖుర్మాలో వేసే సేమ్యా ఎక్కడిది? ఒకప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు చేత్తో లాగి ఆరబెట్టేవాళ్లు. ఇప్పుడు ప్యాకెట్ కోసి పోస్తున్నాం. దానితో ఈద్ ఖుషీ తగ్గిందని ఎవరైనా అన్నారా? డబుల్ కా మీఠాలో డబుల్ రోటీ బేకరీది. చాయ్‌లో ముంచే ఉస్మానియా బిస్కెట్ బేకరీదే. మగవాళ్లకు నచ్చిన ప్యాకెట్ రివాజ్ అయిపోయింది. ఆడవాళ్ల చేతికి ఓ గంట ఆరామ్ ఇచ్చే ప్యాకెట్ మాత్రం సోమరితనం అయింది.

నా రాయ్ ఏమిటంటే, ప్యాకెట్ ఒక్కటే ప్లేట్ నింపకూడదు, ఇంటి తిండికి తోడుగా రావాలి. ఫ్రోజెన్ పరాఠా, లోపల నిన్నటి తలా హువా గోష్త్, ఉల్లిపాయ ముక్కలు. ప్యాకెట్ దోశపిండి, మీద నిన్నటి ఖీమా. కర్రీ పాయింట్ పప్పు, ఇంట్లో వేయించిన రెండు గుడ్లు, కీరా. నూడుల్స్ చేస్తే మసాలా పొట్లం సగమే వేసి, మిగిలిన కూరగాయలు, ఓ గుడ్డు కలపడం. మసాలా సగం అనడానికి కారణం ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ప్యాకెట్ తిండి రోజూ అలవాటు కాకూడదు.

హలాల్ విషయంలో వసవసా వద్దు, గఫ్లత్ కూడా వద్దు. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం, అంటే అందులో జంతువుల జెలటిన్ ఉండకూడదు. మాంసాహార గుర్తు ఉన్నవాటిలో మాత్రం మాంసం హలాల్‌దా కాదా చూడాలి. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చే చాక్లెట్లు, జెల్లీల మీద మన చుక్క ఉండదు కాబట్టి వెనకాల రాసింది చదవాలి. 471 అనే నంబర్ ఉన్న పదార్థం మొక్కల కొవ్వు నుంచీ వస్తుంది, జంతువుల కొవ్వు నుంచీ వస్తుంది. 120 అంటే పురుగుల నుంచి తీసిన ఎరుపు రంగు. మసాయిల్ మీద షక్ ఉంటే మీ ఆలిమ్‌ని అడగండి. కర్రీ పాయింట్‌లో మాంసం గురించి అడగడానికి మొహమాటం ఎందుకు? అడగలేకపోతే పప్పు, పులుసు తెచ్చుకుంటే సరి.

ఇంకో జరూరీ మాట. బాసీ అంటే పాడైపోయింది అని కాదు. పాడైపోయినదాన్ని బర్కత్ పేరుతో తినమనీ కాదు. ముఖ్యంగా అన్నం. వండినా చావని ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి. గిన్నె గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. మళ్లీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకని వండిన రెండు గంటల లోపే, మన మే నెల ఎండల్లో అయితే గంట లోపే, వెడల్పాటి గిన్నెలోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నం మర్నాటికల్లా, మాంసం సాలన్ మూడు రోజుల్లో అయిపోవాలి. వేడి చేస్తే పొగలు వచ్చేదాకా చేయాలి, అదీ తినేంత వరకే తీసి. వాసన బాగానే ఉంది కదా అనుకోవడం సరిపోదు, ఈ విషానికి వాసన ఉండదు.

ఇక్కడే ఇంకో వాటా మాట వస్తుంది. మన దావత్‌లలో, వలీమాల్లో మిగిలింది ఎక్కడికి పోతోంది? రాత్రి ఒంటిగంట దాకా దేగ్‌లలో ఉండి, మర్నాడు మనం తినడానికి వెనకాడేది పనిమనిషి డబ్బాలోకి, మసీదు మెట్ల దగ్గర కూర్చున్న ఫఖీర్ చేతిలోకి పోతోంది. దాన్ని సదఖా అంటున్నాం. మీకిస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేని దాన్ని అల్లాహ్ మార్గంలో ఇవ్వకండని సూరా బఖరా 267వ ఆయత్ సారాంశం. ఇచ్చేదేదో వేడిగా ఉన్నప్పుడే, మెహమాన్లకు వడ్డించకముందే పక్కకు తీసి ఇవ్వాలి. ఖుర్బానీ గోష్త్ సంగతి కూడా అంతే. ఒక ఏడాది బీదవాళ్ల ఇబ్బంది చూసి, మూడు రోజులకు మించి దాచుకోవద్దని ప్రవక్త చెప్పారు. తర్వాత దాచుకోవడానికి ఇజాజత్ ఇచ్చారు. మన పెద్దవాళ్లు ఉప్పు, పసుపు పట్టించి తీగ మీద ఆరేసి సూఖా గోష్త్ చేసుకున్నది ఆ ఇజాజత్‌తోనే. ఫ్రీజర్ నింపుకోవడం తప్పు కాదు. ఎవరి వాటా వాళ్లకు చేరకముందే నింపుకోవడం తప్పు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ల నుంచే. హోటళ్లు, షాదీఖానాల కన్నా మన ఇంటి చెత్తబుట్టల వాటానే ఎక్కువ. అయితే ఈ లెక్క చూసి ఇంట్లో ఆడవాళ్ల మీద "జాయా చేయకు" అని ఇంకో హుకుం వేస్తే మొదటికే వచ్చాం. జాయా కాకూడదంటే అందరూ తినాలి.

అందుకని ఒక తజ్వీజ్. వారంలో ఒక రాత్రి తాజా వంట ఛుట్టీ. గురువారమో, ఆదివారమో, మీ ఇంటి వీలును బట్టి. ఫ్రిజ్‌లో ఏముందో మగవాళ్లు, మగపిల్లలు చూడాలి. వేడి చేయాల్సింది, బఘార్ వేయాల్సింది, అవసరమైతే పరాఠా ప్యాకెట్ తేవాల్సింది వాళ్లే. కొడుకుకు పదేళ్లు వస్తే పెద్దవాళ్లు పక్కన నిలబడి గుడ్డు వేయించడం నేర్పించండి. రేపు హాస్టల్‌లోనో, గల్ఫ్‌లోనో ఎలాగూ నేర్చుకుంటాడు. ఇంట్లోనే నేర్చుకుంటే వాడికి నికాహ్ అయి వచ్చే అమ్మాయికి కూడా మేలు. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ పరిచి అన్ని గిన్నెలూ మధ్యలో పెట్టండి. అమ్మీని బావర్చిఖానాలోంచి పిలిచి ముందు కూర్చోబెట్టండి. ఒక్క ముద్ద తాజాది వండినా సరే, అది ముందు ఆమె ప్లేట్‌లో పడాలి.