జ్వరం వేళ చూసుకుని రాదు, మంత్రిగారూ!

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,



కీమో ఖర్చు గురించి కాదు ఈ లేఖ. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం పేదలకు ఆ ఖర్చు భరిస్తోంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వారు కట్టించిన క్యాన్సర్ కేంద్రమూ ఉంది. నా బాధంతా మందు ఎక్కించుకుని మా ఊరు జంపని వచ్చి పడ్డాక, మళ్లీ కీమో సైకిల్ దాకా ఇంట్లో గడిచే రోజుల గురించే.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు, చేతిలో పాలిథిన్ కవరు. వారం తిరిగేసరికి నోటి పూత. ఆవకాయ మాట దేవుడెరుగు, మజ్జిగ పోసి మెత్తగా పిసికిన అన్నమూ మింగుడు పడదు. పలకరించడానికి వచ్చినవాళ్లు పథ్యమంటూ పప్పు, గుడ్డు మాన్పిస్తారు. ఒంటికి కావలసినవే అవి.

అసలు గండం చాలా మందుల్లో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా. తెల్ల కణాలు బాగా పడిపోయే రోజులవి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా గంటలోపు యాంటీబయాటిక్ సూది పడాలి. ఊళ్లో జరిగేది వేరు. అర్ధరాత్రి ఒళ్లు కాలితే ఆర్ఎంపీ పారాసిటమాల్ ఇస్తాడు, ఇంట్లోవాళ్లు తెల్లారనిద్దామంటారు. జ్వరం తగ్గినట్టు కనబడుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది.

ఇలాంటప్పుడు వైద్యం దగ్గర్లో ఉండాలి. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. సంతోషం. కానీ 2022లో మా వేమూరు మండలం బాపట్ల జిల్లాలో కలిసింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మాకు తెనాలి పక్కనే, బాపట్ల దూరాభారం. జిల్లా పేరు అడగకుండా మమ్మల్ని తెనాలి జిల్లా ఆసుపత్రిలోనే చూసేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇంకో రెండు పనులకు కొత్త భవనాలు అక్కర్లేదు. డిశ్చార్జి కాగితంతోపాటు తెలుగులో ఒక కార్డు ఇప్పించండి: తెల్ల కణాల కౌంట్ పడిపోయే తేదీలు, ఎంత జ్వరానికి పరుగెత్తాలి, రాత్రి ఎత్తే ఫోను నంబరు. ఆ కార్డు చూపిస్తే 108 సిబ్బంది, క్యాజువాలిటీ డాక్టరు వరస చూడకుండా ముందు సూది వేయాలి. కౌంట్ పడిపోయే ఆ వారంలో ఏఎన్ఎం ఒక్కసారి గడప తొక్కి, నోరు చూసి, వాంతుల బిళ్లలు ఉన్నాయో లేదో అడగాలి.

బాధలకు తాళలేక కోర్సు సగంలో వదిలేస్తే సర్కారు పెట్టిన డబ్బూ వృథా, మనిషీ దక్కడు.

ఇట్లు,
జంపని గ్రామస్థుడు