పట్టా అడిగేవారికి మన ప్రశ్న

ఒడిశా తీరంలో పూరీ పెంటకట నుండి గోపాల్‌పూర్ దాకా మన తెలుగు మత్స్యకారులు తరతరాలుగా బతుకుతున్నారు. తమను తాము వాడబలిజలం అని చెప్పుకుంటారు. ఒడియావారు నోలియాలు అంటారు. ఇల్లు కూల్చాలన్నా, ఒడ్డు ఖాళీ చేయించాలన్నా అధికారులు వేసే ప్రశ్న ఒక్కటే: "పట్టా ఉందా?" లేదనగానే వారు ఆక్రమణదారులైపోతారు.

సహోదరులారా, మనం ఎదురు ప్రశ్న వేయాలి. ఆ పట్టాల పుస్తకం ఎవరు రాశారు? ఎందుకోసం రాశారు?

గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1802 శాశ్వత శిస్తు చట్టం జమీందారు నుండి కుంఫిణీకి రావలసిన సొమ్ము కోసం పుట్టింది. శిస్తు ఇచ్చే మడి లెక్కలోకి ఎక్కింది. వల ఆరేసే ఇసుక, తెప్ప లాగే ఒడ్డు, చేప ఎండబెట్టే దిబ్బ శిస్తు ఇవ్వవు కాబట్టి వాటిని వాడుకునేవారి పేరు ఎవరూ రాయలేదు. 1905 మద్రాసు భూ ఆక్రమణ చట్టం ఇంకో అడుగు వేసింది. జమీందారులు, పట్టాదారులు మొదలైనవారి ఆస్తి కానిదంతా ప్రభుత్వానిదే అని ప్రకటించింది. 1908 ఎస్టేట్ భూముల చట్టం రక్షణ ఇచ్చింది, కానీ నేల దున్నే రైతుకే. మత్స్యకారుడికి ఆ పుస్తకంలో గడే లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. గంజాం మత్స్యకారుడు కదలలేదు, సరిహద్దే అతణ్ణి దాటింది. ఒక్కరాత్రిలో సొంత ఊళ్లోనే పరాయి భాషవాడయ్యాడు. 1951 చట్టంతో జమీందారీలు పోయి ఎస్టేట్లు రాష్ట్రానికి దఖలు పడ్డాయి. 1972లో ఒడిశా తన సొంత ఆక్రమణ నిరోధక చట్టం తెచ్చుకుంది. దొరలు పోయినా దొరల లెక్క పోలేదు.

"వీళ్లు వలస వచ్చినవాళ్లే కదా" అంటారు కొందరు. పూరీకి దక్షిణ తీరం నుండి వచ్చిన మాట నిజమే. అయితే 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథమే ఈ తీరపు తెలుగు జాలరులను వర్ణించింది. తరాల నివాసం హక్కు కాకపోతే, నిన్న వచ్చిన రిసార్టుకు హక్కు ఎక్కడిది?

"తీరాన్ని కాపాడాలి" అంటారు ఇంకొందరు. కాపాడవలసిందే. కానీ 1991 తీర నియంత్రణ ప్రకటన సంప్రదాయ మత్స్యకార గ్రామాల వాడుక హక్కులను గుర్తించింది. 2019 ప్రకటన బీచ్‌లో పర్యాటకుల కోసం తాత్కాలిక నిర్మాణాలకు దారి తెరిచింది. పర్యాటకుడి పాకకు చోటున్న ఇసుకలో జాలరి గుడిసెకు చోటు లేదనడం ఏ న్యాయం?

నాబోతు ద్రాక్షతోటను గుర్తు చేసుకోండి. అది అతని పితరుల స్వాస్థ్యం. యెజెబెలు దాన్ని కత్తితో మొదలుపెట్టి లాక్కోలేదు. రాజు పేరుతో తాకీదులు రాసి, రాజు ముద్ర వేసి పంపింది (1 రాజులు 21). కాగితం సక్రమంగా ఉన్నంత మాత్రాన దోపిడీ ధర్మం కాదు.

కాబట్టి సంఘాలు ప్రార్థనతో ఆగకూడదు. గంగమ్మకు మొక్కేవాడైనా, ప్రభువును వేడుకొనేవాడైనా పట్టా లేని బాధ ఒక్కటే. ఇద్దరి పక్షాన నిలబడాలి. తీర నిర్వహణ ప్రణాళిక పటాల్లో మత్స్యకార గ్రామాలనూ వారి ఉమ్మడి స్థలాలనూ చూపించాలని 2011 ప్రకటనలోనే ఉంది. మీ ఊరి పటం అడగండి. వల ఆరేసే చోటు అందులో లేకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. బాప్తిస్మపు రిజిస్టర్లు, సమాధుల మీది తేదీలు, పాత రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు, పడవ కాగితాలు పోగుచేయండి. పెద్దల నోటి మాటలు రాయించి సంతకాలు తీసుకోండి.

యెరూషలేము ముట్టడిలో ఉండగానే యిర్మీయా అనాతోతులో పొలం కొని, క్రయపత్రాలను మట్టికుండలో భద్రం చేయించాడు (యిర్మీయా 32). మన సంఘపు బీరువా ఇప్పుడు ఆ కుండ కావాలి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక ఒక నోటు పుస్తకం తెరిచి, మొదటి ఇంటి పేరు రాయండి.