పెన్నులు, పెన్సిల్ ముక్కలు

మా మేనకోడలు సీనియర్ ఇంటర్, బైపీసీ. సంక్రాంతి సెలవులకొస్తూ స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చింది. మా వసారాలో ఇద్దరూ పుస్తకాలు పరుచుకు కూర్చున్నారు. మాదానికి కణవిభజన కంఠతా వచ్చు. లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్ అంటూ ఎక్కాల్లా అప్పజెబుతుంది. ఆ పిల్లకేమో మెండెల్ నిష్పత్తులు మంచినీళ్లప్రాయం. అయితే 9:3:3:1 ఎందుకొస్తుందో ఇద్దరికీ తెలియదు.

"గళ్లు లెక్కపెడితే వస్తుందిగా" అంది ఆ పిల్ల.

"అసలు ఆ గళ్లు ఎక్కణ్నుంచొచ్చాయే?" అంది మాది.

రెండు పెన్నులు, రెండు పెన్సిల్ ముక్కలు తెచ్చారు. ప్రతి జతలో ఎర్రది అమ్మిచ్చిన క్రోమోజోము, నీలంది నాన్నిచ్చింది. మియోసిస్‌లో జతలు విడిపోవాలి. ఎర్ర పెన్ను వెంట ఎర్ర పెన్సిలే వెళ్లాలన్న రూలేం లేదు, నీలందీ వెళ్లొచ్చు. కాబట్టి నాలుగు రకాల గామీట్లు, నాలుగింటికీ సమానమైన అవకాశం. అటు నాలుగు, ఇటు నాలుగు: పదహారు గళ్లు. ఆ పిల్ల కాసేపు పెన్నుల వంక చూస్తూ ఉండిపోయింది. "రెండు చాప్టర్లూ ఒకటేనా అత్తా!" అని మాది నావైపు తిరిగింది.

మెండెల్ బఠాణీ లెక్కలు 1866లో అచ్చయ్యాయి. ఆయనకు క్రోమోజోముల ఊసే తెలియదు. 1900 దాకా ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1902-03లో సట్టన్, బొవేరి ఆ లెక్కలకూ క్రోమోజోములకూ ముడివేశారు. అన్నేళ్లు పట్టిన ముడి మా వసారాలో కాఫీ చల్లారేలోగా పడింది.

తర్వాత వర్ణాంధత్వం లెక్క. తల్లి వాహకురాలు, తండ్రికి లోపం లేదు. "పిల్లల్లో సగం మందికి వస్తుంది" అంది ఆ పిల్ల. "సగం మగపిల్లల్లోనే. మొత్తం పిల్లల్లో పావు" అని మాది అడ్డుపడింది. నీట్‌లో బయాలజీ ప్రశ్నలు 90. తప్పు పెడితే రావలసిన నాలుగు మార్కులూ పోగా, ఉన్నవాటిలోంచి ఇంకొకటి కోస్తారు.

కలిసి చదివితే అన్నీ ఒప్పులే అవుతాయనను. క్రాసింగ్ ఓవర్ డిప్లోటీన్‌లో జరుగుతుందని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. పుస్తకం తెరిస్తే పాకిటీన్! డిప్లోటీన్‌లో కనిపించేవి కయాస్మాలు. ఇద్దరూ కలిసి చేసిన తప్పు ఇంకా గట్టిగా పాతుకుంటుంది, అందుకే మధ్యలో పుస్తకం ఉండాలి. మధ్యమధ్య సినిమా కబుర్లూ దొర్లాయి, దొర్లనీ.

వాళ్ల హాస్టల్లో మాత్రం ఇదంతా నేరమే. స్టడీ అవర్‌లో నోరు మెదిపితే నిలబెడతారట. వీక్లీ టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు కనక, పిల్లలు నోట్సు దిండు కింద దాచుకోవడం కూడా నేర్చారట. నీట్ రాసేవాళ్లు 20 లక్షల పైమాటే. పక్క మంచం పిల్లని వెనక్కి నెడితే కలిసొచ్చేది ఒక్క ర్యాంకు. ఆ పిల్ల చెప్పగా నాలుగు ప్రశ్నలు సరిగ్గా పెడితే 16 మార్కులు. బైపీసీ వాళ్లకైనా ఈపాటి లెక్క అందుతుంది. యాజమాన్యాలకే ఎందుకో అందదు.

వార్డెన్లకు ఒక మనవి. రాత్రి భోజనాలయ్యాక ఒక్క గంట పిల్లల్ని మాట్లాడుకుంటూ చదువుకోనివ్వండి. గోల అనిపిస్తే వరండాలో కూర్చోబెట్టండి.